నవ్యశ్రీ అల్లిన సంచి

"భోజనాల బల్ల మీద ఈ పీచేంటమ్మా? అన్నంలో పడితే ఎవరి గొంతుకి అడ్డం పడాలి?" అంది అత్తగారు.

పద్మజ కత్తెర పట్టుకుని కూర్చుంది. బల్ల మీద ఇరవై ఎనిమిది అల్లికలున్నాయి. అన్నీ తెల్లటి నూలు తాడుతో బడిపిల్లలు అల్లినవి. జానెడు వెదురు పుల్ల, దానికి వరసగా ముళ్ళు, ముళ్ళ కింద కుచ్చు. గోడకి వేలాడదీసుకుంటారు. మాక్రమే అంటారు కాలనీలో ఆడవాళ్ళు. పిల్లలు తాడు పని అన్నారు. కుచ్చుల చివర్లు సమంగా కత్తిరించాలి. దువ్వెనతో దువ్వాలి. తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చెయ్యాలి. గురువారం బడిలో ప్రదర్శన.

ఆ శనివారం పొద్దున మేడ్చల్ కాలనీ నుంచి పద్మజతో కలిపి ఆరుగురు ఆడవాళ్ళు రెండు కార్లలో వెళ్ళారు. శామీర్‌పేట చెరువు దాటాక ఒక ఊరు, ఊరి మొదట్లో సర్కారు బడి. ఏడో తరగతి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి రెండు గంటలు నేర్పారు. ఫొటోలు దిగారు. పన్నెండింటికల్లా పని అయిపోయింది. అల్లికలన్నీ ఒక సంచిలో వేసి, వాళ్ళని కూడగట్టిన హర్షిత అంది, "ఫినిషింగ్ పద్మక్క చూసుకుంటుంది. పద్మక్క చెయ్యి పడితే చాలు, ఏదైనా బొమ్మలా తయారవుతుంది." అందరూ అవునన్నారు. సంచి పద్మజ ఒళ్ళోకి వచ్చింది.

మెచ్చుకుని ఇచ్చిన పనిని కాదనడం పద్మజకి రాదు. తిట్టి చెప్పిన పని అయితే ఒకరోజు మొహం ముడుచుకునైనా ఉండొచ్చు. మెచ్చుకుని చెప్పినప్పుడు ఆ దారి కూడా ఉండదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ ఇంట్లో వాళ్ళకి ఈ సంగతి తెలిసిపోయింది. "పద్మ పెట్టే కాఫీయే కాఫీ" అని మామగారు అన్న రోజు నుంచి పొద్దున ఐదింటి కాఫీ ఆమెదైంది. "పద్మకి ఓపికెక్కువ" అని భర్త రఘునందన్ అన్న రోజు నుంచి అత్తగారి ఆసుపత్రి తిరుగుళ్ళు ఆమెవయ్యాయి. కొడుకు భానుతేజ తొమ్మిదో తరగతి. వాడికి బళ్ళో ఇచ్చిన నమూనాలన్నీ ఆమే చేస్తుంది. గాలిమర, అగ్నిపర్వతం, ఇంకుడుగుంత. మూడిటికీ వాడికి బహుమతులొచ్చాయి. అద్దాల బీరువాలో ఉన్నాయి. వాటి మీద దుమ్ము తుడిచేదీ ఆమే.

పద్దెనిమిదో అల్లిక దగ్గర చెయ్యి ఆగింది.

ఇది మిగతా వాటిలా లేదు. వీళ్ళు నేర్పిన ముడి కాదు. తాడుకీ తాడుకీ మధ్య ఖాళీ, ఖాళీ చుట్టూ గట్టి చిన్న ముడి, మళ్ళీ ఖాళీ. ఖాళీలన్నీ రెండు వేళ్ళ వెడల్పు, ఒకటి ఎక్కువా లేదు తక్కువా లేదు. అడుగున కుచ్చు లేదు. కొసలన్నీ ఒక చోటికి లాగి ముడేసి ఉన్నాయి. పైన రెండు కొసలు పొడుగ్గా వదిలేసి ఉన్నాయి. వెదురు పుల్లని కట్టనేలేదు, ఊరికే పక్కన దోపి ఉంది. అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో నవ్యశ్రీ అని పేరు.

'పాపం, దీనికి అర్థం కాలేదు' అనుకుంది పద్మజ.

పాపం అనుకుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకి గుర్తొచ్చేది ఆ మాటే. కోపం లేదు, చిరాకు లేదు. ఇరవై ఏడు ఒకలా ఉండి ఇదొక్కటి వేరేగా గోడకి వేలాడితే పిల్లలంతా నవ్వుతారు, ఆ పిల్ల తల దించుకోవాలి, ఎందుకొచ్చిన బాధ, నేను కాస్త సరిచేస్తే పోయె అనుకుంది. కుక్కర్ ఎక్కించి వచ్చి విప్పడం మొదలుపెట్టింది.

ముళ్ళు రాలేదు. వేళ్ళతో రాలేదు, గోటితో రాలేదు. దబ్బనం తెచ్చి ఒక్కో ముడిలో గుచ్చి వదులు చేసి లాగాల్సి వచ్చింది. గోరు విరిగింది. మూడో కూత వేసి కుక్కర్ ఆగిపోయింది. పప్పు తీసి తాలింపు పెట్టి మళ్ళీ వచ్చి కూర్చుంది. అంత గట్టిగా ఎవరు వేస్తారమ్మా ముడి అని విసుక్కుంది కూడా. మొత్తం విప్పేసరికి గంటపైన పట్టింది. తాడు మెలికలు తిరిగి ఉంటే ఇస్త్రీ పెట్టి సాపు చేసింది. కొత్తగా పుల్లకి కట్టి, వరసగా తను నేర్పిన ముళ్ళు వేసి, కింద కుచ్చు వదిలి, దువ్వి, నవ్యశ్రీ పేరున్న అట్టముక్క మళ్ళీ దానికే కట్టింది.

అందంగా వచ్చింది. చేత్తో పట్టుకుని కాస్త దూరం జరిపి చూసుకుంది.

*

గురువారం బడి వరండాలో తాడు కట్టి ఇరవై ఎనిమిదీ వేలాడదీశారు. కాలనీ సంఘం అధ్యక్షుడు బుల్లిబాబు గారు బహుమతి ఇవ్వడానికి వచ్చారు. రాజమండ్రి మనిషి, రిటైరైన ఇంజినీరు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటీ చూస్తూ నడిచారు. ఒకదాని దగ్గర ఆగారు.

"ఇదీ పనంటే. ముళ్ళు చూడండి, మిషన్ మీద వేసినట్టున్నాయి. ఎవరమ్మా నవ్యశ్రీ?"

పద్మజకి లోపల చిన్న సంతోషం కలిగింది. ఒక్క క్షణం. ఆ క్షణాన్ని తర్వాత ఆమె తనకి తాను క్షమించుకోలేకపోయింది.

రెండు జడల పిల్ల ముందుకొచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. హర్షిత రంగుపెన్సిళ్ళ పెట్టె పట్టుకుని నవ్వుతూ నిలబడింది. పిల్ల పెట్టె వంక చూడలేదు. అల్లిక దగ్గరికి వెళ్ళి వెనక్కి తిప్పి చూసింది. అట్టముక్క చూసింది. మళ్ళీ అల్లిక చూసింది.

"గిది నాది గాదు సార్" అంది.

"నీ పేరుంది కదమ్మా."

"పేరు నాదే. అల్లింది నేన్ గాదు. నాది కన్నులు కన్నులు ఉండె. వల లెక్క."

పిల్లలు నవ్వారు. పెద్ద మేడం, అంటే హెడ్మాస్టరమ్మ, ముందుకొచ్చింది.

"ఏందే నవ్యా? ఇరవై ఎనిమిది మంది చేసిన్రు, ఇరవై ఎనిమిది ఉన్నయి. నీది కాకపోతే నీదెక్కడ పోయింది?"

"ఎవలో ఇప్పిన్రు మేడం."

"ఎవరు ఇప్పుతరు? మనమా? మేడంలా?"

పిల్ల తలెత్తి వరసగా నిలబడ్డ ఆరుగురినీ చూసింది. పద్మజ వంక కూడా చూసింది. అందరి మీదా చూపు ఒకేలా ఆగింది, ఒకేలా కదిలింది. ఆమెకి తెలియదు కదా. హర్షితకీ తెలియదు. అక్కడ తెలిసింది ఒక్క పద్మజకే. నోరు తెరిస్తే అయిపోయేది. నేనేనమ్మా, నేనే విప్పాను అంటే చాలు, మూడు మాటలు. గొంతు వరకూ వచ్చాయి. బుల్లిబాబు గారు చూస్తున్నారు, కాలనీ వాళ్ళు చూస్తున్నారు, ఇంత మెచ్చుకున్న పని పిల్లది కాదు నాది అంటే ఎలా ఉంటుంది అనుకుంది. ఎలా ఉంటుందో అనుకునేలోపు సమయం దాటిపోయింది.

"అబద్ధం జెప్పకు. పెద్దోళ్ళు బహుమతి ఇస్తుంటే పొగరా? రేపు మీ అమ్మను తీస్కరా" అంది పెద్ద మేడం. తర్వాత బుల్లిబాబు గారితో, "తెలివైన పిల్లే సార్, ఈరోజు ఏమైందో" అంది.

నవ్యశ్రీ పెట్టె తీసుకోలేదు. వెళ్ళి వరసలో నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది అనిపించింది పద్మజకి. దగ్గరికి తీసుకుని కళ్ళు తుడిచి అయినా ఏదో చేసినట్టుండేది.

తిరిగొస్తుంటే కార్లో హర్షిత అంది, "ఎంత మొండో చూశావా అక్కా."

"చిన్నపిల్ల కదా" అంది పద్మజ. అంతే అంది.

*

ఆ సాయంత్రం భర్త బూట్లు విప్పుతుంటే చెప్పింది. రఘునందన్ సాంతం విన్నాడు. వినడంలో లోపం చెయ్యడు.

"బాగోలేనిదాన్ని బాగుచేశావు. బహుమతి వచ్చింది. దీంట్లో నీ తప్పేముంది?"

"ఆ అమ్మాయిని అబద్ధాలకోరు అన్నారండీ అందరి ముందూ."

"రెండ్రోజులు పోతే మర్చిపోతుంది. నువ్విప్పుడు వెళ్ళి చెబితే బుల్లిబాబు గారి మొహం ఏమవ్వాలి? హర్షిత వాళ్ళు ఏమనుకోవాలి? ఇంత చిన్నదానికి ఊరంతా టముకు వేస్తావా?"

అక్కడే కూర్చుని ఫోన్ చూస్తున్న భానుతేజ నవ్వాడు. "ప్రైజ్ ఇస్తే తీసుకోవాలి గానీ, ఎవరు చేశారని ఎవరడుగుతారమ్మా?"

అదీ నిజమే. వీడినెవరూ అడగలేదు. మూడుసార్లు వేదిక ఎక్కాడు, మూడుసార్లు చప్పట్లు కొట్టారు, మూడుసార్లూ కింద కూర్చుని తనూ కొట్టింది. 'ఇది నాది కాదు' అని వాడికి ఒక్కసారీ తట్టలేదు. తట్టకుండా పెంచింది తనే. ఆ పిల్లకి ఎవరు నేర్పారో మరి. పెన్సిళ్ళ పెట్టె కళ్ళెదురుగా పెట్టినా తనది కానిదాన్ని తనది కాదంది.

"నువ్వు చెయ్యి పెట్టకపోతే అది అలాగే అష్టవంకర్లుగా ఉండేది" అంది అత్తగారు వంటింట్లోంచి. "కొత్తలో నువ్వు చేసినవన్నీ నేను సర్ది పెట్టలేదూ? నేనేమన్నా చెప్పుకున్నానా?"

పద్మజ గిన్నెలు కడుగుతూ పాత సంగతొకటి గుర్తుచేసుకుంది. భానుతేజకి మూడేళ్ళప్పుడు కొంపల్లిలో ఒక ప్రైవేటు బడిలో టీచర్లు కావాలన్నారు. బి.ఎస్సీ., బి.ఇడి. ఆమెది. రెండ్రోజులు కూర్చుని దరఖాస్తు రాసుకుంది. ఏం పాఠం చెబుతుందో, ఏ తరగతులకి చెబుతుందో, పూర్తి రోజు పని చెయ్యగలనని, అన్నీ రాసి భర్తకి ఇచ్చింది, పోస్టులో వెయ్యమని. నెల తర్వాత ఉద్యోగం వచ్చింది. పొద్దున రెండు గంటలు, చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి ఆడించే పని. ఇదేంటండీ, నేను లెక్కలు చెబుతానని రాశాను కదా అంటే, "నేను కాస్త సరిచేసి మళ్ళీ రాశాలే. రోజంతా అయితే నువ్వు అలిసిపోతావని" అన్నాడు. అతని మొహంలో ఎంత ప్రేమ ఉందంటే, ఆమె థ్యాంక్స్ అండీ అంది. మూడు నెలలు వెళ్ళి మానేసింది. అప్పటి నుంచి ఎవరైనా అడిగితే, "పద్మకి ఉద్యోగం పడలేదు" అంటారు ఇంట్లో. ఆమే అంటుంది అలా.

ఆయన కూడా పాపం అనే అనుకుని ఉంటాడు.

నీళ్ళు ఆపేసింది. ఇన్నేళ్ళలో ఆ దరఖాస్తు గురించి ఆమెకి కోపం రాలేదు. ఇప్పుడూ పూర్తిగా రాలేదు. కోపం రావాల్సిన చోట సిగ్గు వచ్చింది. తనకి జరిగినదాన్ని తను గుర్తుపట్టనే లేదు, గుర్తుపట్టకుండానే తీసుకెళ్ళి ఇంకొక ఆడపిల్లకి చేసింది. అదీ తన ఇంట్లో కాదు, ఆ పిల్ల బడిలో, ఆ పిల్ల పేరు మీద. భర్త కనీసం చేశానని చెప్పాడు. తను అదీ చెప్పలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక స్కూటీ తీసింది. బడి పక్కన కిరాణా కొట్టులో అడిగితే ఇల్లు చూపించారు. రేకుల ఇల్లు, ముందు సిమెంటు గద్దె. గద్దె మీద ఒక ముసలామె కాలి బొటనవేలికి వల కొస తగిలించుకుని కూర్చుని చిరిగిన చోట అల్లుతోంది. దారం చుట్టిన వెదురు పుల్ల ఆమె చేతిలో చేపపిల్లలా తిరుగుతోంది. పడిన ప్రతి ముడినీ ఒకసారి నోటి దగ్గరికి తీసుకుని తడిపి గుంజుతోంది.

పద్మజ ఆ ముడి గుర్తుపట్టింది.

"ఎవల్ గావాలె బిడ్డా?"

"నవ్యశ్రీ..."

"మా పోరి. నేన్ దాని అవ్వను, బుచ్చవ్వ." లోపలికి తిరిగి, "లతా, ఎవరో మేడమొచ్చింది సూడు" అని కేకేసింది.

నవ్యశ్రీ తల్లి మాధవీలత వచ్చింది. మేడ్చల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో డబ్బాలకి చీటీలు అంటించే పని. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. వెనకాలే తలుపు పక్కన నవ్యశ్రీ నిలబడింది.

"కూసోండ్రి మేడం. బడి సంగతేనా? శుక్రారం పోయిన. పనికి నాగా బెట్టి పోయిన. మాఫ్ జెయ్యమని అడిగిన పెద్ద మేడంను. ఇగ అట్ల మాట్లాడదు మా పోరి."

పద్మజ కూర్చోలేదు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "మీ అమ్మాయి అబద్ధం చెప్పలేదండీ. నేనే విప్పాను. ఇంటికి తీసుకెళ్ళి విప్పి, నేనే మళ్ళీ అల్లాను. ఆ రోజు అక్కడే ఉన్నాను. చెప్పలేదు."

బుచ్చవ్వ చేతిలో పుల్ల ఆగింది.

మాధవీలత కూతురి వంక చూసింది. తర్వాత నెమ్మదిగా అంది, "నేన్ గొట్టిన మేడం దీన్ని."

పద్మజ పిల్ల చేతుల వంక చూసింది.

"నా పోరి అబద్ధం జెప్పదని నాకెరికే. గానీ పెద్ద మేడం అంత మందిల అంటుంటే నాకు శరమైంది. ఇంటికొచ్చినంక గొట్టిన. నాది గాదమ్మా, నాది గాదమ్మా అనుకుంట దెబ్బలు తిన్నది. ఒప్పుకో, ఒప్పుకుంటే ఇడుస్త అన్న. ఒప్పుకోలే." చెంగుతో మొహం తుడుచుకుంది. "మీరొక్క మాట జెప్తే నేన్ గొట్టకపోదును."

"నన్ను తిట్టండి" అంది పద్మజ.

"తిడితే దెబ్బలు వాపసొస్తయా?"

నవ్యశ్రీ తలుపు పక్క నుంచి ముందుకొచ్చింది. అప్పటిదాకా పద్మజ మొహాన్ని తేరిపార చూస్తూనే ఉంది.

"ఎట్లిప్పినవ్ మేడం?" అంది.

"ఏంటమ్మా?"

"ముళ్ళు. ఉమ్మి తడి బెట్టి గుంజిన నేను. మా అవ్వ ముడి అది. కిలో చాప తన్నినా ఊడది. ఎట్లొచ్చినయ్?"

"దబ్బనంతో. గంటపైన పట్టింది."

"గంట!" బుచ్చవ్వ నవ్వింది. నవ్వులో కోపం కూడా ఉంది. "గంట సేపు కూసోని ఇప్పినవా తల్లీ? ఇది అల్లనీకి ఇంత సేపు పట్టలే. గంత కష్టమైతాంటె, ఎందుకింత గట్టిగేసిందో పోరి అని ఒక్కసారన్న మనసుల రాలేదా?"

రాలేదు. అంత గట్టిగా ఎవరు వేస్తారమ్మా అని విసుక్కుంది గానీ, ఎందుకు వేసిందో అనుకోలేదు.

"ఏం చేశావు తల్లీ అది? గోడకి వేసేది కాదా?" అని పద్మజ నవ్యశ్రీని అడిగింది.

"సంచి. అమ్మకు. ఆటోల టిఫినూ నీళ్ళ సీసా కవర్ల బెట్టుకుంటది, కవర్ చినిగి ఒకపారి అన్నం మొత్తం రోడ్డు మీద పడ్డది. గోడకు తాడేసుకుంటే ఏమొస్తది? గందుకే సంచి అల్లిన. మేడంలు తాడిచ్చిన్రు గదా, ఏం జేస్తవ్ అని అడగలే. నేన్ జెప్పలే."

పద్మజ స్కూటీ సీటు కింద నుంచి కొత్త తాడు చుట్ట తీసింది. రాత్రే హర్షితని అడిగి తెచ్చుకుంది. నవ్యశ్రీకి ఇవ్వబోయింది. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దు."

"తీసుకో తల్లీ. మళ్ళీ అల్లుకో."

"అల్లను. అల్లితే అగో, దొంగతనంగ తాడు దెచ్చి మళ్ళా అల్లింది అంటరు. బడిల అందరు నన్ను అబద్ధాలపోరి అంటున్నరు. ఆకాశ్‌గాడు పాట గట్టిండు. నేన్ బడికి పోను."

"నిన్న పోనే పోలే" అంది మాధవీలత. "పోకుంటే ఏం జేస్తవే, నా లెక్క చీటీలంటిస్తవా అన్న. అంటిస్త అంటాంది." పద్మజ వైపు తిరిగింది. గొంతు కఠినంగా లేదు, అలిసిపోయి ఉంది. "మీరు మంచోళ్ళే మేడం. ఇంత దూరమొచ్చి జెప్పిన్రు. గానీ గద్దె మీద మా ముగ్గురికి జెప్తే ఏం లాభం? అన్నది అందరి ముంగట. జెప్పుడు గూడ అందరి ముంగటే జెప్పాలె."

పద్మజ తల ఊపింది. తాడు చుట్ట అక్కడ వదలలేదు. మళ్ళీ సీటు కిందే పెట్టుకుంది.

*

"సోమవారం పొద్దునా?" అన్నాడు రఘునందన్. "నాకు తొమ్మిదింటికి మీటింగు. అమ్మకి పరగడుపున రక్తపరీక్ష. అవన్నీ చూసుకుని తర్వాత వెళ్ళు."

"ప్రార్థనప్పుడే వెళ్ళాలి. అప్పుడే పిల్లలందరూ ఉంటారు."

"ప్రార్థనలో నిలబడి నేను తప్పు చేశానంటావా? నలభై రెండేళ్ళ మనిషివి. మన గురించి ఏమనుకుంటారు?"

మన గురించి అన్నాడు. విప్పింది ఆమె ఒక్కతే. తప్పు మాత్రం మనదైంది, పరువు కాబట్టి.

హర్షితకి ఫోన్ చేసి చెప్పింది. "అయ్యో అక్కా. నువ్వు చెయ్యాల్సింది ఫినిషింగే కదా" అంది హర్షిత. తర్వాత అంది, "గ్రూపులో పెట్టకక్కా ప్లీజ్. ఇంకో నాలుగు స్కూళ్ళున్నాయి మనకి." తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "ఆ పిల్లని మొండి అన్నాను" అంది.

సోమవారం పద్మజ ఇడ్లీపిండి బయట పెట్టి, ఇడ్లీపాత్ర పక్కన పెట్టి, రక్తపరీక్ష కాగితాలు బల్ల మీద పెట్టి బయల్దేరింది. గేటు దాటుతుంటే అత్తగారు, "మరి నన్నెవరు తీసుకెళ్తారే?" అంది. ఆగి తిరిగి చూసింది. ఇది కూడా తప్పేనేమో అనుకుంది. అనుకుంటూనే వెళ్ళింది.

బడి ముందు రోడ్డు మీద షేర్ ఆటో ఆగి ఉంది. లోపల ఆరుగురు ఆడవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. డ్రైవర్ కుర్మయ్య హారన్ కొడుతున్నాడు. "లతక్కా, ఇగ జల్దీ రా, గేటేస్తరు ఆడ." మాధవీలత దిగి బడి గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో పాలిథిన్ కవర్, కవర్లో టిఫిను. పక్కన నవ్యశ్రీ. పుస్తకాల సంచి లేకుండా వచ్చింది.

"జెప్తరో జెప్పరో సూసినంకనే లోపలికి పోతదట" అంది మాధవీలత.

పెద్ద మేడం ముందు నచ్చజెప్పింది. "మీరొచ్చి నాతోటి జెప్పిన్రు, చాలు మేడం. నేనే పిల్లలకు నిదానంగ జెప్త." పద్మజ కుదరదంది. కుదరదని ఎవరితోనైనా అనడం అలవాటు లేక ఆ మాట గట్టిగా వచ్చింది. పెద్ద మేడం పక్కకి జరిగింది.

ప్రార్థన అయింది. నూట యాభై మంది పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు. మైకు లేదు.

"గురువారం నవ్యశ్రీ, ఇది నాది కాదు అంది" అంది పద్మజ. వెనక వరసలకి వినపడలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. "ఆ అమ్మాయి చెప్పింది నిజం. తను అల్లింది వల ముడితో ఒక సంచి. నేను మా ఇంటికి తీసుకెళ్ళి విప్పేశాను. తనని అడగలేదు. నేనల్లినదానికి తన పేరు కట్టాను. అందరూ తనని అబద్ధమాడిందంటుంటే నేను ఇక్కడే నిలబడి ఉన్నాను. నోరు మూసుకున్నాను. అబద్ధం నాది."

పిల్లల్లో గుసగుస లేచి ఆగింది. ఆకాశ్ అనే పిల్లాడు చెప్పులు చూసుకుంటున్నాడు.

పెద్ద మేడం నవ్వు తెచ్చుకుని ముందుకొచ్చింది. "విన్నరు గదా పిల్లలూ. మేడం నవ్య పని ఇంకా మంచిగ కావాలని సరిచేసిన్రు. అంతే."

"సరిచెయ్యలేదు" అంది పద్మజ. "పాడుచేశాను."

పెద్ద మేడం గేటు దగ్గరున్న నవ్యశ్రీని చేత్తో పిలిచింది. పిల్ల వచ్చింది. పెద్ద మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "చూసినవా, ఇంత పెద్ద మేడం ఇంత దూరమొచ్చి అందరి ముంగట తప్పు ఒప్పుకున్నరు. థ్యాంక్స్ జెప్పు మేడంకు."

నవ్యశ్రీ తలెత్తింది. పొగరు లేదు ఆ మొహంలో. నిజంగా తెలియక అడిగింది.

"ఎందుకు మేడం?"

పెద్ద మేడం చెయ్యి భుజం మీద నుంచి తీసేసింది. రోడ్డు మీద ఆటో వాడు మళ్ళీ హారన్ కొట్టాడు. మాధవీలత ఇంకో నిమిషం కూతురిని చూసి పరుగెత్తి ఆటో ఎక్కింది. నవ్యశ్రీ వెళ్ళి ఏడో తరగతి వరసలో నిలబడింది. ముందు పిల్ల కొంచెం జరిగి చోటిచ్చింది.

పద్మజ దగ్గరికి ఆమె మళ్ళీ రాలేదు. చూడనైనా చూడలేదు.

*

సాయంత్రం ఆరింటికి రఘునందన్ వచ్చాడు. రక్తపరీక్షకి కుర్రాణ్ణి ఇంటికే పిలిపించామని, కాలనీలో అందరికీ విషయం తెలిసిపోయిందని, బుల్లిబాబు గారు ఫోన్లో ముక్తసరిగా మాట్లాడారని అత్తగారు వరసగా చెప్పింది. అతను విని పద్మజ వైపు చూశాడు. కోప్పడలేదు.

"అయిందా? మనసు తేలికపడిందా?"

"లేదండీ" అంది. ఆ తల్లి కొట్టిన దెబ్బలు అలాగే ఉన్నాయి. ఆ సంచి లేదు.

"పడుతుందిలే. దాని గురించి ఇక ఆలోచించకు." చొక్కా తీసి కుర్చీ మీద వేశాడు. అట్టపెట్టెలు, థర్మోకోల్ షీట్లు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. "ఇవిగో. భానుకి రేపు చంద్రయానం నమూనా ఇవ్వాలట. వాడికి ట్యూషనుంది. నువ్వు చేసి పెట్టెయ్."

భానుతేజ బూట్లు వేసుకుంటూ తలెత్తకుండానే అన్నాడు, "కింద నా పేరు కొంచెం పెద్దగా రాయమ్మా."

పద్మజ బల్ల దగ్గరికి వచ్చింది. కుర్చీ లాక్కోలేదు. భర్త మొహంలోకి చూసింది.

"ఎందుకండీ?" అంది.